పత్తికి కొలత ఉంది, ఊపిరికి లేదు

(ఆదోనిలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



గాలి కాలుష్యం, స్త్రీల ఆరోగ్యం అనే విషయం మీద నన్ను మాట్లాడమన్నారు. గాలి కాలుష్యం అనగానే మనకు ఢిల్లీ గుర్తొస్తుంది. శీతాకాలంలో పొగమంచు, బళ్ళకి సెలవులు, టీవీలో ముక్కుకు గుడ్డ కట్టుకున్న జనం. ఆదోనికీ ఎమ్మిగనూరుకీ దానితో ఏం పని అనిపిస్తుంది. వానలు లేక, పనులు లేక, గుంటూరు మిరప చేలకి వలసపోయే ప్రాంతం ఇది. ఇక్కడ అడగవలసింది నీళ్ళ గురించి, కూలి గురించి కదా అని మీలో కొందరు అనుకోవచ్చు. నేను మాట్లాడబోయేది కూలి గురించే. కూలి కోసం వెళ్ళిన చోట మనం పీల్చే గాలి గురించి.

ఆదోనిని రెండో బొంబాయి అని గొప్పగా చెప్పుకుంటారు. రాష్ట్రంలోని పెద్ద పత్తి మార్కెట్లలో ఇదొకటి. యార్డుకు పత్తి రాగానే తేమ ఎంత ఉందో యంత్రం పెట్టి చూస్తారు. పత్తి సంస్థ కొనేటప్పుడు 8 శాతం తేమ దాటితే ధర కోస్తారు, 12 శాతం దాటితే కొనరు. పింజ పొడవు చూస్తారు, చెత్త ఎంత ఉందో చూస్తారు. 2000లో కేంద్ర ప్రభుత్వం పత్తి సాంకేతిక మిషన్ పెట్టి, మార్కెట్ యార్డులూ జిన్నింగు మిల్లులూ బాగుచేయడానికి డబ్బిచ్చింది. ఎందుకు? పత్తిలో దుమ్మూ చెత్తా కలవకుండా ఉండాలని. మంచిదే. కానీ ఆ పత్తిని ఎత్తి, ఏరి, యంత్రానికి అందించే ఆడమనిషి రొమ్ములోకి ఎంత దుమ్ము పోతోందో కొలవాలన్న ఆలోచన ఆ పట్టుదలతో ఎవరికైనా వచ్చిందా అన్నదే నా ప్రశ్న.

ముందు దుమ్ము అంటే ఏమిటో కొంచెం తెలుసుకుందాం. మన కంటికి కనిపించే దుమ్ము, మిల్లులో ఎగిరే నూగు, చాలావరకు ముక్కులోనూ గొంతులోనూ ఆగిపోతుంది. తుమ్ముతాం, దగ్గుతాం, బయటికి పోతుంది. కనిపించని దుమ్ము వేరు. మీటరులో పది లక్షల వంతును మైక్రాన్ అంటారు. మన తలవెంట్రుక మందం సుమారు 50 నుంచి 70 మైక్రాన్లు. రెండున్నర మైక్రాన్లు, అంతకంటే చిన్నవైన కణాలను పి.ఎం. 2.5 అంటారు. ఇవి ఊపిరితిత్తుల చివర ఉండే గాలిగదుల దాకా వెళతాయి. వాటిలో మరీ చిన్నవి నెత్తురులో కూడా కలుస్తాయి. అందుకే ఇవి ఊపిరితిత్తులతో ఆగవు. గుండెపోటు, పక్షవాతం, ఊపిరితిత్తుల కాన్సరు, పెద్దవాళ్ళలో తగ్గని ఆయాసం, గర్భిణులకు నెలలు నిండకుండా కాన్పు కావడం, బిడ్డ తక్కువ బరువుతో పుట్టడం, వీటన్నిటికీ ఈ కణాలకీ సంబంధం ఉందని ఎన్నో దేశాల పరిశోధనల్లో తేలింది. 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సరు పరిశోధన విభాగం బయటి గాలి కాలుష్యాన్ని కాన్సరు కారకాల మొదటి జాబితాలో చేర్చింది. మన దేశంలో 2019 ఒక్క ఏడాదిలో సుమారు 16 లక్షల 70 వేల మరణాలకు గాలి కాలుష్యం కారణమని భారత వైద్య పరిశోధన మండలితో కలిసి చేసిన అధ్యయనం లెక్క కట్టింది.

గాలిలో ఈ కణాలు సగటున ఏడాదికి ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. మన దేశంలో 2009లో పెట్టుకున్న హద్దు 40. అంటే వాళ్ళు చెప్పినదానికి ఎనిమిది రెట్లు. ఆ హద్దుల్ని అయిదేళ్ళపాటు దాటిన ఊళ్ళని ఎంచి, 2019లో జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమం మొదలుపెట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో 13 ఊళ్ళు ఆ జాబితాలో ఉన్నాయి. కర్నూలు ఉంది, అనంతపురం ఉంది, కడప ఉంది. ఆదోని లేదు, ఎమ్మిగనూరు లేదు. లేదు కాబట్టి ఇక్కడ గాలి శుభ్రంగా ఉందని కాదు. ఏళ్ళ తరబడి కొలిచిన ఊళ్ళే ఆ జాబితాకెక్కుతాయి. పైగా ఆ కొలత వీధిలోని గాలికి. మిల్లు గోడల లోపలి గాలి ఆ లెక్కలోకి రానే రాదు.

ఇప్పుడు మిల్లు లోపలికి వెళదాం. పత్తి దుమ్ము అంటే ఒట్టి దూది కాదు. చేలో నుంచి పత్తితోపాటు వచ్చే ఎండాకు, తొడిమ ముక్కలు, మట్టి, వాటి మీద బతికే సూక్ష్మజీవులు అన్నీ కలిసిన దుమ్ము. ఆ సూక్ష్మజీవుల ఒంట్లోని విషపదార్థమే ఊపిరి గొట్టాలను బిగబట్టేలా చేస్తుందని శాస్త్రజ్ఞులు చెబుతారు. ఈ జబ్బు పేరు బిసినోసిస్. దీనికో విచిత్రమైన లక్షణం ఉంది. సెలవు తర్వాత పనికి వెళ్ళిన మొదటి రోజు ఎక్కువ బాధపెడుతుంది. ఆదివారం సెలవు ఉండే దేశాల్లో అందుకే దీన్ని సోమవారం జ్వరం అన్నారు. మొదట్లో ఆ ఒక్క రోజే. కొన్నేళ్ళకి వారమంతా. ఇంకా కొన్నేళ్ళకి సెలవులో కూడా తగ్గదు. అప్పటికి ఊపిరితిత్తులు పాడైపోయి ఉంటాయి, మందులతో మళ్ళీ వెనక్కి రావు.

ఈ ఊళ్ళోనే జిన్నింగు మిల్లులో ఏడు సీజన్లు పనిచేసిన ఒక అక్క నాతో అన్న మాట చెబుతాను. మిల్లు పేరూ ఆమె పేరూ ఇక్కడ అనవసరం. "పండక్కి నాలుగు దినాలు ఇంటికాడుంటే బాగుంటాదక్కా. మళ్ళా మిల్లుకు పోయిన మొదటి దినం సాయంత్రానికి రొమ్ము బిగబట్టినట్టయితాది. మర్నాటికి కొంచెం తగ్గుతాది. మేస్త్రి అలవాటయితాదిలే అంటాడు" అంది. ఆమె చదువుకోలేదు. కానీ ఆమె చెప్పింది అచ్చంగా వైద్యశాస్త్ర గ్రంథాల్లో ఉన్న లక్షణమే. మేస్త్రి అలవాటు అన్నది జబ్బు మొదటి మెట్టు.

ఆమె ఆసుపత్రికి వెళ్ళకపోలేదు. దగ్గు అంటే కఫం పరీక్ష చేశారు. టీబీ లేదన్నారు. అది చేయవలసిన పరీక్షే, రెండు వారాలు దగ్గు ఉంటే ఎవరైనా చేయించుకోవాలి. కానీ టీబీ లేదని తేలాక మాట అక్కడితో ఆగిపోయింది. దగ్గు మందు ఇచ్చి పంపారు. ఆమె చీటీ నేను చూశాను. వయసు ఉంది, మొగుడి పేరు ఉంది, ఆమె చేసే పని లేదు. 1700లో ఇటలీలో రామజ్జిని అనే వైద్యుడు పనివాళ్ళ జబ్బుల మీద పుస్తకం రాస్తూ, రోగిని అడిగే ప్రశ్నల్లో నువ్వు ఏం పని చేస్తావు అన్నదాన్ని కూడా చేర్చమన్నాడు. జనపనార, అవిసెనార చిక్కుతీసేవాళ్ళకు దుమ్ము వల్ల వచ్చే దగ్గూ ఆయాసం గురించి ఆయనే రాశాడు. మూడు వందల ఏళ్ళు దాటింది. మన ఓపీ చీటీలోకి ఆ ప్రశ్న ఇంకా రావలసే ఉంది. వచ్చినా ఆడవాళ్ళ దగ్గరికొచ్చేసరికి కూలి అనో గృహిణి అనో రాసి ఊరుకుంటారు.

ఇక చట్టం సంగతి. మనలో చాలామందికి చట్టమే లేదన్న అభిప్రాయం ఉంది. చట్టం ఉంది. 1948 ఫ్యాక్టరీల చట్టంలో దుమ్ము పుట్టే చోటనే దాన్ని పీల్చి బయటికి పంపే ఏర్పాటు ఉండాలని 14వ సెక్షన్ చెప్పింది. బిసినోసిస్‌ను తప్పనిసరిగా తెలియజేయవలసిన జబ్బుల్లో చేర్చింది. చూసిన డాక్టరు ఫ్యాక్టరీల ప్రధాన ఇన్‌స్పెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. అదే చట్టంలో 27వ సెక్షన్ ఒకటుండేది. పత్తిని అదిమి బేళ్ళు కట్టే ఫ్యాక్టరీలో పత్తిని విడదీసే యంత్రం నడిచే చోట స్త్రీలను, పిల్లలను పనిలో పెట్టకూడదంది. మధ్యలో కప్పు దాకా గోడ కడితే మాత్రం, పత్తి అందించే వైపు పెట్టుకోవచ్చంది. ఆలోచించండి. ప్రమాదం ఉందని చట్టానికి తెలుసు. ప్రమాదాన్ని తీసేయమనడానికి బదులు ఆడదాన్ని తీసేయమంది. మగవాడి సంగతి ఏమిటి? ఆడదాని కూలి సంగతి ఏమిటి? రక్షణ పేరుతో మనల్ని పనికి దూరం చేయడం, లేదా పని పేరుతో రక్షణకు దూరం చేయడం, ఈ రెండే మన ముందు పెడుతూ వచ్చారు. మనం అడిగేది మూడోది. పనీ కావాలి, దుమ్ము లేని గాలీ కావాలి.

2025 నవంబరు 21 నుంచి ఈ పాత చట్టాల స్థానంలో నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ స్త్రీలు అన్ని పనులూ చేయవచ్చంది, తమ అంగీకారంతో రాత్రిపూట కూడా పనిచేయవచ్చంది. వద్దంటే రేపు పని ఉంటుందో లేదో తెలియని మనిషి ఇచ్చే అంగీకారం ఎలాంటిదో మీకు నేను చెప్పనక్కర్లేదు. కరెంటుతో నడిచేచోట పది మంది ఉంటే ఫ్యాక్టరీ అనే లెక్కను ఆ కోడ్ ఇరవైకి పెంచింది. అయితే మనకు పనికొచ్చేవీ అందులో ఉన్నాయి. ప్రతి ఉద్యోగికీ నియామక పత్రం ఇవ్వాలి. ప్రభుత్వం నిర్ణయించిన వయసు, తరగతుల వారికి యజమాని ఏటా ఉచితంగా ఆరోగ్య పరీక్ష చేయించాలి. బిసినోసిస్ తెలియజేయవలసిన జబ్బుల జాబితాలో అలాగే ఉంది. డాక్టరు బాధ్యతా అలాగే ఉంది.

మరి జబ్బు కాగితం మీదికి ఎందుకు రాదు? ఇక్కడే అసలు చిక్కుముడి ఉంది. దయచేసి శ్రద్ధగా వినండి. ఫ్యాక్టరీ కార్మికులకు ఇ.ఎస్.ఐ. ఉంటుంది, డాక్టరు ఉంటాడు, జబ్బుపడితే జీతంలో కొంత వస్తుంది. కానీ 1948 ఇ.ఎస్.ఐ. చట్టం సీజనల్ ఫ్యాక్టరీలను మినహాయించింది. సీజనల్ ఫ్యాక్టరీలంటే ఏవో పేర్లు పెట్టి మరీ చెప్పింది. మొదటి పేరు పత్తి జిన్నింగు. తర్వాత పత్తి ప్రెస్సింగు. ఆ వెంటనే వేరుశనగ కాయలు ఒలిచే మిల్లులు. ఆదోని బతికేదే ఈ మూడు పనుల మీద! కొత్త సామాజిక భద్రత కోడ్ కూడా సీజనల్ ఫ్యాక్టరీలను ఇ.ఎస్.ఐ. బయటే ఉంచింది. ఇ.ఎస్.ఐ. లేని వాళ్ళకు నష్టపరిహారం చట్టం ఉంది, అందులోనూ బిసినోసిస్ ఉంది. అయితే నిర్ణీత కాలం ఎడతెగకుండా ఆ పనిలో ఉన్నట్టు చూపించాలి. ఏటా నాలుగయిదు నెలలు ఒక మిల్లు, మరుసటేడు ఇంకో మిల్లు, మిగతా నెలలు చేను పనులు, వలస. ఆమె ఎడతెగకుండా అన్నదాన్ని ఎలా చూపిస్తుంది? హాజరు పుస్తకంలో పేరుంటే గదా!

ఇలా ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి. పేరు రాయకపోతే కార్మికురాలు కాదు. కార్మికురాలు కాకపోతే డాక్టరు పని అడగడు. పని అడగకపోతే జబ్బు పేరు రాదు. జబ్బు పేరు రాకపోతే ఈ జిల్లాలో ఆ జబ్బే లేదని లెక్క తేలుతుంది. లేని జబ్బుకు దుమ్ము పీల్చే యంత్రం ఎవరు పెడతారు?

సాయంత్రం ఇంటికెళ్ళాక ఏం జరుగుతుందో కూడా చూడాలి. మిల్లు దుమ్ము వదిలించుకుని వచ్చిన మనిషి పొయ్యి ముందు కూర్చుంటుంది. పొయ్యిలో పత్తికట్టె, కందికట్టె. ఆ పొగలో ఉండేవీ ఇవే సన్న కణాలు. ఇళ్ళలో వంట పొగ వల్ల 2020లో ప్రపంచంలో 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. 1999లో మన రాష్ట్రంలో దీపం పథకం వచ్చింది, 2016లో ఉజ్వల వచ్చింది, 2024 చివరలో ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం అనే పథకం వచ్చింది. కనెక్షన్లు వచ్చాయి, సంతోషం. కానీ మూడు సిలిండర్లతో అయిదారుగురి ఇల్లు ఏడాదంతా గడవదు. నాలుగోది కొనడమా, కట్టెలు ఏరడమా అన్నప్పుడు కట్టెలే గెలుస్తాయి, ఎందుకంటే కట్టెలు ఏరే ఆడదాని శ్రమకి ఎవరూ ధర కట్టరు. కడుపుతో ఉన్నా, ఒళ్ళో బిడ్డ ఉన్నా అదే పొగ. మగవాడు పొయ్యి దగ్గర కూర్చోడు కాబట్టి పొగ ఆడవాళ్ళ జబ్బుగా మిగిలిపోయింది.

ఎమ్మిగనూరు అక్కలు తమ గురించి మాట్లాడమని భోజనాల దగ్గర అడిగారు. 1938లో మాచాని సోమప్పగారు నేత సహకార సంఘం పెట్టిన ఊరు మీది. దుమ్ము విషయంలో నిజం చెప్పాలంటే జిన్ను దగ్గరా, దూదిని ఏకే దగ్గరా ఉన్నంత ప్రమాదం మగ్గం దగ్గర ఉండదు. నేత దాకా వచ్చేసరికి చెత్త చాలావరకు పోయి ఉంటుంది. కానీ మగ్గం ఇంట్లోనే ఉంటుంది. గుంత మగ్గం, పక్కనే కండెలు చుట్టే రాట్నం, ఆ గది పక్కనే పొయ్యి, గాలి ఆడని గోడలు. కండెలు చుట్టేది, పడుగు సవరించేది స్త్రీలు. అయినా నేత కార్మికుడు అనే గుర్తింపు మగవాడి పేరు మీదే పోతుంది, ఆమె సాయం చేసే మనిషిగా మిగులుతుంది. మిల్లులో మేస్త్రి పేరు రాయడు, ఇంట్లో మగ్గం పేరు రాయదు. రెండు చోట్లా జరిగేది ఒకటే.

దీన్ని మార్చగలమా అని మీరు అడగవచ్చు. మార్చిన వాళ్ళున్నారు. అమెరికాలో కరోలినా రాష్ట్రాల్లో నూలు మిల్లుల్లో పనిచేసి ఊపిరితిత్తులు పోగొట్టుకున్న వాళ్ళు, వాళ్ళలో ఎందరో స్త్రీలు, 1975లో సంఘం పెట్టుకున్నారు. ఆయాసపడుతూనే ఊళ్ళు తిరిగి సాక్ష్యాలు చెప్పారు. 1978లో నూలు తీసే చోట పత్తి దుమ్ము ఘనపు మీటరుకు 200 మైక్రోగ్రాములు దాటకూడదని అక్కడి ప్రభుత్వం హద్దు పెట్టింది. ఖర్చు ఎక్కువ, మిల్లులు మూతపడతాయని యజమానులు సుప్రీం కోర్టుకు వెళ్ళారు. 1981లో కోర్టు కార్మికుల ఆరోగ్యం వైపే తీర్పిచ్చింది. యంత్రాలు మారాయి, ఆ జబ్బు బాగా తగ్గిపోయింది. లండన్‌లో ఎల్లా అనే తొమ్మిదేళ్ళ పిల్ల 2013లో ఉబ్బసంతో చనిపోయింది. వాళ్ళమ్మ రోజమండ్ ఊరుకోలేదు. ఏడేళ్ళు పోరాడింది. 2020 డిసెంబరులో, ఆ పిల్ల చావుకు గాలి కాలుష్యం కూడా కారణమని విచారణాధికారి రాయవలసి వచ్చింది. ఒక్క మాట కాగితం మీదికి రావడానికి ఒక తల్లికి అంత కాలం పట్టింది. కానీ ఆ మాట వచ్చాక ఎవరూ దాన్ని చెరపలేరు.

మన సుప్రీం కోర్టు కూడా 1991లోనే కాలుష్యం లేని నీరు, గాలి జీవించే హక్కులో భాగమని చెప్పింది. 1995లో ఆస్బెస్టాస్ కార్మికుల కేసులో కార్మికుల ఆరోగ్యం ప్రాథమిక హక్కు అంది. కాబట్టి మనం ఎవరి దయనీ అడగడం లేదు.

చేయవలసిన పనులు కొన్ని నా ఆలోచనగా మీ ముందు పెడుతున్నాను. చర్చించి మార్చండి.

మొదటిది, పేరు. ఈ సీజన్ మొదలయ్యే నాటికి మిల్లుల్లో పనిచేసే ప్రతి స్త్రీ హాజరు పుస్తకంలో తన పేరుందో లేదో చూసుకోవాలి. నియామక పత్రం అడగాలి. ఒంటరిగా అడిగితే పని పోతుంది, పదిమందిగా అడగాలి. ఏడాదిలో 80 రోజులు పనిచేసినట్టు రుజువుంటే ప్రసూతి సెలవు జీతానికి కూడా హక్కుంటుంది, ఒక్క సీజన్‌లోనే అన్ని రోజులు అవుతాయి.

రెండోది, ప్రశ్న. మనం ఇల్లిల్లూ తిరిగేటప్పుడు దగ్గు ఉందా అని మాత్రమే అడిగి రావద్దు. ఎన్ని సీజన్లు చేశావు, ఏ యంత్రం దగ్గర, పండగ తర్వాత మొదటి రోజు రొమ్ము బిగబట్టిందా అని అడిగి రాసుకోవాలి. ఊపిరి వదిలే శక్తిని కొలిచే చిన్న గొట్టం లాంటి సాధనం ఉంది, వాడడం తేలిక. పనిలోకి వెళ్ళే ముందూ, వచ్చాకా ఊది ఆ అంకెలు రాసుకుంటే డాక్టరు ముందు పెట్టడానికి మన చేతిలో ఏదో ఒకటి ఉంటుంది.

మూడోది, ఆసుపత్రి. ఓపీ చీటీలో చేసే పని రాయాలని ఇక్కడి ఆసుపత్రినీ, జిల్లా వైద్యాధికారినీ కోరుదాం. టీబీ లేదని తేలిన మిల్లు కార్మికురాలిని ఊపిరితిత్తుల పరీక్షకు పంపాలి. అనుమానం ఉంటే చట్టప్రకారం తెలియజేయాలి.

నాలుగోది, దుమ్ము. కొంగు ముక్కుకు కట్టుకుంటే నూగు ఆగుతుంది, సన్న కణాలు ఆగవు. మంచి మాస్కు కొంత ఆపుతుంది, కానీ ఎనిమిది గంటలు మాస్కుతో బరువులెత్తమనడం పరిష్కారం కాదు. యంత్రం దగ్గరే దుమ్ము పీల్చే ఏర్పాటు, చీపురుతో ఊడ్చే బదులు పీల్చే యంత్రం, గాలి వెళ్ళే దారి, ఇవి యజమాని బాధ్యత. ఇవి అడిగినందుకు ఆడవాళ్ళని మానిపిస్తే ఒప్పుకునేది లేదు.

అయిదోది, ఇ.ఎస్.ఐ. సీజనల్ పేరుతో జిన్నింగు, వేరుశనగ మిల్లుల స్త్రీలను బయట ఉంచే మినహాయింపు తొలగించాలని కార్మిక సంఘాలతో కలిసి అడగాలి. సీజన్ అయిపోతుంది, జబ్బుకు సీజన్ లేదు. దాంతోపాటు ఈ రెండు ఊళ్ళ గాలినీ ఏడాది పొడుగునా కొలిచి, ఆ అంకెలు మునిసిపల్ ఆఫీసు ముందు తెలుగులో రాసిపెట్టాలి.

ఇవన్నీ ఒక్క సీజన్‌లో అవుతాయని నేను చెప్పను. మేస్త్రీలు బెదిరిస్తారు, కొన్ని ఇళ్ళలో మొగుళ్ళే వద్దంటారు. అయినా మొదటి రెండు పనులకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఒక నోటుపుస్తకం, ఒక పెన్ను చాలు. ఈ మధ్యాహ్నం మండలాలవారీగా కూర్చున్నప్పుడు ఏ వీధికి ఎవరు వెళతారో పేర్లు రాసుకుని లేవమని కోరుతున్నాను.